కరపత్రంలో మన ఊరు

పోయిన నెల చివర్లో మన సభ్యుడొకరు సంఘం ఆఫీసుకు వచ్చి బల్ల మీద ఒక రంగుల కరపత్రం పెట్టాడు. ‘అన్నా, ఇది మా ఊరేనట. నాకైతే ఒక్క ఒడ్డు గుర్తుపడతలేదు’ అన్నాడు. మేమూ చూశాం. మందపాటి నున్నని కాగితం. ఒక పక్క నీలం రంగు చెరువు, అందులో పడవ. ఇంకో పక్క కొబ్బరి చెట్ల వరస, మధ్యలో ఎర్ర పెంకుల ఇల్లు, ఇంటి ముందు తెల్ల కారు. ఆ ఊళ్లో కొబ్బరి చెట్లు లేవు. ఆ చెరువులో పడవ ఎవరూ నడపలేదు. కాగితం మొత్తం వెతికినా పొలంలో పని చేస్తున్న మనిషి ఒక్కడూ కనిపించలేదు.

బొమ్మ కింద ఇలా ఉంది: ‘లేక్ వ్యూ గేటెడ్ ఫాం ప్లాట్స్. ప్రతిపాదిత ట్రిపుల్ ఆర్‌కు 5 నిమిషాలు, ఓఆర్ఆర్‌కు 20 నిమిషాలు. నూటికి నూరు శాతం క్లియర్ టైటిల్. స్పాట్ రిజిస్ట్రేషన్. పాసుబుక్కు వస్తుంది, రైతు భరోసా వస్తుంది. శ్రీగంధం మొక్కలు ఉచితం. కొద్ది ప్లాట్లే మిగిలాయి.’

ఇందులో ఒక్కో మాటను పట్టుకుని ఆ సభ్యుడితోనే అర్థం చెప్పించాం. ఊరి మనిషి కాబట్టి ఏ మాట వెనుక ఏ సర్వే నంబరు ఉందో ఆయనకు తెలుసు. ఆ సాయంత్రం జరిగిన మాటల నుంచే ఈ నెల సంపాదకీయం పుట్టింది. ఈ కరపత్రాలు నగరంలో నెల జీతం అందుకునేవాళ్ల కోసం, అమెరికాలో ఉన్న మన పిల్లల కోసం అచ్చేస్తారు. మనకు ఎవరూ పంచరు. కానీ అందులో అమ్ముతున్నది మన ఊరు. కొనేవాడు మోసపోతే డబ్బు పోతుంది. మనం చదవకుండా వదిలేస్తే మన బాట పోతుంది, చెరువు పోతుంది, ఒక్కోసారి అమ్మని భూమి కూడా పోతుంది.

ముందు ‘లేక్ వ్యూ’ సంగతి. మన చెరువుల కింద శిఖం భూములుంటాయి. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు దోసకాయో, పెసరో వేసుకుంటాం, నీళ్లొస్తే వదిలేస్తాం. శిఖం పట్టా ఉన్నా అంతవరకే హక్కు. నగరం నుంచి వచ్చినవాడు ఎండాకాలంలో వచ్చి చూస్తాడు. ఎదురుగా నీళ్లు, కాళ్ల కింద పొడి నేల. ఆ పొడి నేల శ్రావణంలో ఎక్కడుంటుందో చూపించడానికి కరపత్రంలో చోటుండదు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు ఖాళీగా వదలాలని భవన నిర్మాణ నిబంధనల్లో ఉంది. ‘లేక్ వ్యూ’ ప్లాట్లు చాలాచోట్ల ఆ గీతకు అవతలో, ఇవతలో కాదు, సరిగ్గా గీత మీదే ఉంటాయి. హైదరాబాద్ చుట్టూ చెరువుల ఆక్రమణల మీద చర్యలకు 2024లో హైడ్రా వచ్చింది. మన మండలాల చెరువులు దాని పరిధిలోకి రావు. ఇక్కడ కాపలా మనమే.

చెరువు పక్కన ప్రహరీ కడితే ముందు మూసుకుపోయేది వాగు నుంచి నీళ్లొచ్చే కాలువ. ఆ సభ్యుడి ఊళ్లో జరిగింది అదే. కాలువ మీద మొరం పోసి ‘40 అడుగుల రోడ్డు’ అన్నారు. ఆ ఏడాది చెరువు సగమే నిండింది. తూము కింద చివరి మళ్లకు నీళ్లు అందలేదు. చివరి మళ్లు ఎప్పుడూ చిన్న రైతులవే.

‘గేటెడ్’ అన్న మాట దగ్గర ఆయన చాలాసేపు ఆగాడు. కొనేవాడికి గేటు అంటే భద్రత. గేటు బయట ఉన్నవాడికి అది మూసిన బాట. ఆయన పొలానికి వెళ్లే బండ్ల బాట వెంచర్ మధ్యలోంచి పోతుంది. తాతల కాలం నుంచి ఎడ్ల బండ్లు పోయిన బాట. ఇప్పుడు గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఆధార్ కార్డు అడుగుతున్నాడు. ట్రాక్టరు పోతే సీసీ రోడ్డు పాడవుతుందట. వరి కోత మిషన్ లోపలికి రానివ్వకపోతే పోయిన యాసంగిలో ఆయన కూలీలతో కోయించి, మోపులు నెత్తిన మోయించి ఒడ్డుకు చేర్చాడు. ఆ ఖర్చు ఏ కరపత్రంలో రాస్తారు?

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇలాంటి బాటలు చాలావరకు గ్రామ నక్షలో గీతలుగా ఉంటాయి. ఊరి నక్ష నకలు సర్వే శాఖ నుంచి తీసుకోవచ్చు. చేతిలో ఆ కాగితం ఉంటే తహసీల్దార్ దగ్గర మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. లేకపోతే ‘బాట ఎక్కడుందయ్యా, చూపించు’ అని మననే అడుగుతారు. చూపిద్దామంటే అక్కడ గోడ ఉంటుంది. అందుకే గోడ లేవకముందే నక్ష తీసుకోవాలి. వెంచర్ బోర్డు పాతిన రోజే తీసుకోవాలి.

ఇక అసలు మాట, ‘ఫాం ప్లాట్’. ఇది మన కాలపు మాట. ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఆంధ్రలోనైతే ఎకరాకు 100 సెంట్లు. కరపత్రాల్లో 302 గజాలు, 605 గజాలు, 1210 గజాలు అని కనిపిస్తాయి. ఆ అంకెలు ఎక్కడివో రైతుకు వెంటనే తెలుస్తుంది. రెండున్నర గుంటలు, అయిదు గుంటలు, పది గుంటలు. గజాల్లో చెప్పి ప్లాటుగా అమ్ముతారు, గుంటల్లో రాయించి పొలంగా రిజిస్టర్ చేయిస్తారు. ఒకే ముక్కకు అమ్మేటప్పుడు ఒక పేరు, రాసేటప్పుడు ఇంకో పేరు.

ఎందుకిలా? ప్లాటు అని రాస్తే భూమిని వ్యవసాయేతరంగా మార్చి ఫీజు కట్టాలి. లేఅవుట్ అనుమతి తీసుకోవాలి. రోడ్లకు, పార్కుకు స్థలం వదలాలి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటనే ఇవ్వకూడదు. ప్రకటనలో రెరా నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా స్పష్టంగా వేయాలి. రిజిస్టర్ చేయకపోతే ప్రాజెక్టు అంచనా విలువలో 10 శాతం దాకా జరిమానా. ఈ గొడవంతా ‘ఫాం’ అన్న ఒక్క మాటతో తప్పించుకోవచ్చని వ్యాపారి లెక్క. లేఅవుట్ లేకుండా 20 గుంటల కంటే చిన్న ముక్కలుగా ఫాం ప్లాట్లు అమ్మడం చెల్లదు, కొనొద్దు అని 2025 మొదట్లో హైడ్రా ప్రజలను హెచ్చరించింది. కరపత్రాలు ఆగలేదు. అనుమతి లేని లేఅవుట్ల సంగతి ఎక్కడికొచ్చిందో తెలియాలంటే 2020లో క్రమబద్ధీకరణ పథకం పెట్టినప్పుడు వచ్చిన దరఖాస్తులు చూడండి. దాదాపు 25 లక్షలు.

ఆ ‘ఫాం’లో వ్యవసాయం ఎంత ఉందో ‘రైతు భరోసా వస్తుంది’ అన్న మాటే చెబుతుంది. 2025 జనవరి నుంచి ఎకరాకు ఏడాదికి 12 వేలు. రెండున్నర గుంటలకు లెక్క కడితే 750 రూపాయలు. కారులో ఒకసారి వచ్చిపోయే పెట్రోలు ఖర్చుకు కూడా చాలదు. 750 రూపాయల కోసం ఎవరూ ప్లాటు కొనరు. పాసుబుక్కు చేతికి వస్తుంది, రైతు అన్న పేరు వస్తుంది, వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు అన్న ఆశ కలుగుతుంది. అమ్ముతున్నది ఆ పేరును. అదే నేలను పదిహేనేళ్లుగా దున్నిన కౌలు రైతుకు ఆ పేరు రాలేదు. పెట్టుబడి సాయం రాలేదు, పంట నష్టపరిహారం రాలేదు, రైతు బీమా రాలేదు. కౌలుదార్లకు రుణ అర్హత కార్డులివ్వాలన్న 2011 నాటి చట్టం తెలంగాణలో కాగితం మీదే ఉండిపోయింది. కరపత్రంలో ‘ఖాళీ భూమి’ అన్నచోట చాలాసార్లు ఒక కౌలు కుటుంబం ఉంటుంది. ఆ సభ్యుడి ఊళ్లో ఆ ‘ఖాళీ’లో నాలుగు కుటుంబాలు పత్తి వేసేవి. ఇప్పుడు అందులో ఇద్దరు అదే వెంచర్‌లో శ్రీగంధం మొక్కలకు నీళ్లు పోస్తున్నారు, రోజు కూలీకి.

శ్రీగంధం గురించి ఎక్కువ చెప్పను. పదిహేనేళ్ల తర్వాత కోట్లు అంటారు. పదిహేనేళ్లు ఆ మొక్కకు ఎవరు నీళ్లు పెడతారు, ఆ బోరు ఎవరి బాయి ఎండగొడుతుంది, చెట్టు ముదిరాక దొంగల నుంచి ఎవరు కాపాడతారు అని అడిగితే ఏజెంటు దగ్గర జవాబుండదు. మొక్క ఉచితం అన్నారు, అది మాత్రం నిజం.

‘క్లియర్ టైటిల్’ అని చెప్పాల్సిన అవసరం ఎందుకొస్తుంది? మనం వడ్లు అమ్మేటప్పుడు ‘ఇవి దొంగతనం చేసినవి కావు’ అని బస్తా మీద రాయం. ఈ మాట పెద్ద అక్షరాల్లో కనిపిస్తే సర్వే నంబరు అడగాలి. చాలా కరపత్రాల్లో ఊరి పేరు ఉంటుంది, నంబరు ఉండదు. నంబరు తెలిస్తే పాత పహాణీలు, సేత్వార్ చూడొచ్చు. అది లావణి పట్టానా, ఇనామా, వక్ఫా, భూదాన్ భూమా తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఉందా అన్నది తెలుస్తుంది. పేదలకు పంచిన లావణి భూములు అమ్మడానికి వీల్లేదని 1977 నాటి చట్టం చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఆ చట్టాన్ని సవరించి, 20 ఏళ్లు దాటిన వాటికి దారి తెరిచారు. తెలంగాణలో నిషేధం అలాగే ఉంది. అయినా ఆ భూములు చేతులు మారుతూనే ఉన్నాయి. సాదా కాగితం మీద, నోటి మాట మీద, అవసరానికి ఇచ్చిన అప్పు మీద. దళిత వాడల్లో ఈ కథ తెలియని ఇల్లు లేదు.

ఇంకో రకం ‘క్లియర్ టైటిల్’ ఉంది. ఇది పట్టా ఉన్న రైతుకే తగులుతుంది. ఎకరం బేరం కుదురుతుంది. వ్యాపారి బయానా కింద పది శాతమో, ఇంకా తక్కువో ఇస్తాడు. మిగతాది ఆరు నెలల్లో అంటాడు. ఆ ఆరు నెలల్లో తన డబ్బు పెట్టడు. కరపత్రం అచ్చేసి, ‘ప్రీ లాంచ్ ఆఫర్’ పెట్టి, కొనేవాళ్ల దగ్గర వసూలు చేసి, ఆ డబ్బుతో మనకు కట్టాలన్నది ఆయన పథకం. అంటే కరపత్రం అచ్చయ్యే నాటికి ఆ భూమి ఇంకా మనదే. ప్రకటనలో ఉన్న టైటిల్ మన పాసుబుక్కు. అమ్మకాలు సాగితే మనకు డబ్బు వస్తుంది. సాగకపోతే వ్యాపారి ఫోను ఎత్తడు, ప్లాటు కొన్నవాళ్లు మన ఇంటి ముందుకొస్తారు.

ఈ మధ్యలో ఒక సంతకం అడుగుతారు. ‘పెద్దాయనా, ఊరికే ఫార్మాలిటీ, నాలా చేయించాలి’ అంటారు. ఈ సంతకం దగ్గర చాలామంది సభ్యులు దెబ్బ తిన్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం. భూమి ఇంకా మన పేరు మీద ఉండగానే మార్పిడి జరిగితే, ఆ విస్తీర్ణం మన పాసుబుక్కులోంచి పోతుంది. దానితోపాటు రైతు భరోసా పోతుంది. ఉన్నది ఆ ఎకరమే అయితే రైతు బీమా కూడా పోతుంది. బ్యాంకు పంట రుణం రెన్యువల్ చేయదు. పట్టణాలకు దూరంగా ఉన్న వ్యవసాయ భూమి అమ్మితే వచ్చే లాభం మీద ఆదాయపు పన్ను లేదు. మార్చిన తర్వాత అమ్మితే అది వ్యవసాయ భూమి కాదు, పన్ను నోటీసు రైతుకే వస్తుంది. బేరం చెడిపోయి భూమి మన దగ్గరే మిగిలిందనుకోండి, అందులో మళ్లీ జొన్న వేసినా కాగితం మీద అది జొన్నచేను కాదు. మొత్తం డబ్బు ముట్టి, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా నాలా కాగితం మీద సంతకం చేయకండి. కొన్నాక ఆయన పేరు మీద ఆయన మార్చుకుంటాడు.

‘డెవలప్‌మెంటుకు ఇవ్వండి, సగం ప్లాట్లు మీవే’ అనే బేరం ఇంకా మెత్తగా ఉంటుంది. దాంట్లో జీపీఏ ఉంటుంది. జీపీఏ ఇచ్చాక ఆయన పెట్టే సంతకం మన సంతకమే. ఒట్టి జీపీఏతో, అమ్మకపు ఒప్పందంతో భూమి హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. కాబట్టి కాగితాల మీద హక్కుదారు మనమే, పని చేసేది ఆయన, కేసు పడితే మొదటి పేరు మనది. మన వాటా ప్లాట్లు మనమే అమ్ముకుంటే రెరా కింద మనల్నీ ప్రమోటరుగా లెక్కించే అవకాశం ఉంది.

ఇప్పుడు ‘ప్రతిపాదిత’ అన్న మాటకు వద్దాం. నిమిషాల లెక్క సులువు. ఓఆర్ఆర్‌కు 20 నిమిషాలు అంటే, 80 కిలోమీటర్ల వేగంతో ఎక్కడా ఆగకుండా పోతే 27 కిలోమీటర్లు. మన ఊరి నుంచి ఆ వేగంతో పోయే బస్సును ఎవరైనా చూస్తే సంఘానికి తెలియజేయండి. ‘ప్రతిపాదిత’ మాత్రం నవ్వి వదిలేసేది కాదు. ముచ్చర్ల చుట్టూ ఒకప్పుడు ‘ఫార్మా సిటీ పక్కన’ అని ప్లాట్లు అమ్మారు. ఇప్పుడు ఆ వైపే ‘ఫ్యూచర్ సిటీ పక్కన’ అంటున్నారు. పేరు మారింది, ప్రతిపాదన ప్రతిపాదనగానే మళ్లీ అమ్ముడుపోతోంది.

ట్రిపుల్ ఆర్ ఉత్తర భాగం సంగారెడ్డి, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా సుమారు 158 కిలోమీటర్లు. ఆ వరుసలో ఉన్న ఊళ్లలో ఒకే పత్రికలో రెండు ప్రకటనలు వచ్చిన రోజులున్నాయి. ఒకటి రంగుల్లో, అర పేజీ. ట్రిపుల్ ఆర్ పక్కనే బంగారు భవిష్యత్తు అని. రెండోది నలుపు తెలుపులో, చీమతలకాయంత అక్షరాల్లో, ఊరి పేరు, సర్వే నంబర్లు, విస్తీర్ణం వరసగా. అది జాతీయ రహదారుల చట్టం 1956, సెక్షన్ 3-ఎ కింద భూమి తీసుకుంటామన్న నోటీసు. అది వచ్చిన రోజు నుంచి అభ్యంతరం చెప్పుకోవడానికి 21 రోజులే గడువు. ఆ తర్వాత 3-డి ప్రకటన వస్తే భూమి కేంద్రానిదైపోతుంది. రెండు ప్రకటనలూ ఒకే ఊరి గురించి. మొదటిదాన్ని అందరూ చదివారు. రెండోదాన్ని చాలామంది చూడలేదు. సర్వేయర్లు వచ్చి రాళ్లు పాతేటప్పుడు తెలిసింది. రాయగిరి, చౌటుప్పల్ వైపు రైతులు అలైన్‌మెంట్ మార్చమని రోడ్డెక్కింది ఊరికే కాదు.

ఆ రెండు ప్రకటనల్లో భూమి ధరలు రెండు. ఇది ఈ వ్యాపారం మొత్తంలో మనకు అన్నిటికంటే ఖరీదైన విషయం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం కట్టేటప్పుడు రిజిస్ట్రేషన్ శాఖ విలువను, చుట్టుపక్కల గత మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం పత్రాల సగటును చూసి, ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. కరపత్రంలో ఉన్న ధరను చూడరు. ఏజెంటు చెప్పిన ధరను చూడరు. పత్రంలో రాసిన ధరే ధర.

ఒక ఉదాహరణ కట్టుకుందాం. ఎకరం 80 లక్షలకు అమ్మాం, పత్రంలో 15 లక్షలని రాశాం అనుకుందాం. మిగతా 65 లక్షలు సంచిలో వచ్చాయి. ఏడున్నర శాతం చొప్పున స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు దాదాపు 4 లక్షల 87 వేలు మిగిలింది. మిగిలింది కొన్నవాడికి. ఇలాంటి పత్రాలు ఊరినిండా ఉంటే, పక్క రైతు భూమి రోడ్డుకు పోయేటప్పుడు లెక్క 15 లక్షల దగ్గర మొదలవుతుంది. చట్టం అనుమతించే అతి పెద్ద గుణకం రెండు. దాన్నే వేసి, పైన నూరు శాతం సొలేషియం కలిపినా 60 లక్షలు. ఊళ్లో 80 పలికే నేలకు. గుణకం అంత ఇవ్వరన్నది వేరే మాట. పైగా ఆ 65 లక్షల నగదు పుచ్చుకున్నవాడు కూడా చట్టానికి దొరికే పనే చేశాడు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంత మొత్తం జరిమానా వేసే వీలు ఆదాయపు పన్ను చట్టంలో ఉంది.

ఇక్కడ వ్యాపారిని తిట్టి ఊరుకోలేం. తక్కువకు రాయించుకుంటామంటే తల ఊపింది మనమే. ‘డబ్బు చేతికొచ్చింది కదా, కాగితంతో మనకేం పని’ అన్నది మనమే. సంఘం నాయకుల్లోనూ అలా అమ్మినవాళ్లున్నారు, దాచాల్సిన పని లేదు. పరిహారం పెంచమని కలెక్టరేట్ ముందు కూర్చున్నప్పుడు అధికారి మన ఊరి పత్రాలే మన ముందు పెడతాడు. రిజిస్ట్రేషన్ విలువలను అసలు ధరలకు దగ్గరగా సవరించకుండా భూసేకరణ నోటీసులు ఇవ్వకూడదని మన సంఘం అడుగుతూనే ఉంది. అడిగే నోటికి బలం రావాలంటే మన పత్రాల్లో నిజం ధర ఉండాలి.

కొనేవాడికి, మనకు మధ్య ఉన్న తేడా కూడా లెక్క వేసి చూడొచ్చు. ఎకరం 60 లక్షలకు ఇచ్చామనుకోండి. 4,840 గజాలు. రోడ్లు, ఖాళీ స్థలాలు పోను అరవై శాతం అమ్మకానికి మిగిలితే సుమారు 2,900 గజాలు. గజం 8 వేలకు అమ్మితే 2 కోట్ల 32 లక్షలు. రోడ్డు, డ్రైనేజీ, కరపత్రం, ఏజెంటు కమీషన్ అన్నీ తీసేసినా మిగిలేది ఎంతో మీరే వేసుకోండి. ఈ లెక్క తెలిసి అమ్ముకుంటే అది మన ఇష్టం. ఆడపిల్ల పెళ్లికో, ఆస్పత్రికో, అప్పుకో అమ్మక తప్పని రోజుంటుంది. అమ్మొద్దని ఈ సంఘం ఎవరికీ నీతులు చెప్పదు. లెక్క తెలియకుండా అమ్మొద్దు అంటున్నాం.

ఏజెంట్ల మాట కూడా చెప్పాలి. వాళ్లు బయటివాళ్లు కాదు. డిగ్రీ చదివి ఉద్యోగం దొరకని మన పిల్లలే. వాట్సాప్‌లో ఈ ప్రకటనలు పంపేది, ఆదివారం కారులో సైటు చూపించేది వాళ్లే. ప్లాటుకు ఇంత అని కమీషన్. రెరా కింద ఏజెంటుకూ రిజిస్ట్రేషన్ ఉండాలి, లేకపోతే రోజుకు 10 వేల చొప్పున జరిమానా పడొచ్చు. ఈ సంగతి కంపెనీ వాళ్లకు చెప్పదు. ప్రకటన అబద్ధమని తేలితే కొన్నవాడికి డబ్బు వాపసు అడిగే హక్కు రెరా 12వ సెక్షన్‌లో ఉంది. అప్పుడు కంపెనీ బోర్డు తిప్పేస్తుంది, ఊళ్లో దొరికేది ఈ పిల్లాడే. మీ ఇంట్లో అలాంటి పిల్లవాడుంటే తిట్టకండి. కూర్చోబెట్టి ఆ కంపెనీ రెరా నంబరు అడగమనండి. ‘అప్లై చేశాం’ అన్నది నంబరు కాదు. ‘పంచాయతీ అప్రూవ్డ్’ అన్నది లేఅవుట్ అనుమతి కాదు. డీటీసీపీ, హెచ్ఎండీఏ సాంకేతిక అనుమతి లేకుండా పంచాయతీ ఒక్కటే లేఅవుట్ ఇవ్వలేదు.

మన చేన్లకు పేర్లుంటాయి. రేగడి చెలక, మర్రికాడి మడి, ఊటబాయి, కుంటకింది పొలం. ఆ పేరు చెబితే నేల ఎలాంటిదో, నీళ్లెక్కడివో తెలిసిపోతుంది. కరపత్రంలో ఆ సభ్యుడి ఊటబాయికి ‘వాటర్ బాడీ’ అని పేరు పెట్టారు. దాన్ని మొరంతో పూడ్చేసి దాని మీద చిల్డ్రన్ ప్లే ఏరియా గీశారు.

వచ్చే నెల నుంచి పత్రికలో ఒక పేజీ దీనికి కేటాయిస్తున్నాం. మీ ఊరి పేరు ఉన్న వెంచర్ కరపత్రం దొరికితే గ్రామ కమిటీ ద్వారా పంపండి. వాట్సాప్‌లో వచ్చిందైనా సరే. దాంతోపాటు ఆ భూమి సర్వే నంబరు, పాత పహాణీ నకలు దొరికితే అదీ జత చేయండి. అందులో బాట, కాలువ, శిఖం, లావణి ఏవి కలిశాయో మీకు తెలిసింది తెల్లకాగితం మీద రాయండి. మండల కమిటీలు ప్రతి సోమవారం ప్రజావాణికి ఆ కాగితాలు తీసుకెళ్తాయి. రెరా నంబరు లేని ప్రకటనలను రెరాకు పంపే పని జిల్లా కమిటీ చూస్తుంది. భూసేకరణ నోటీసు వచ్చిన ఊళ్లలో దాన్ని పెద్ద అక్షరాల్లో తిరిగి రాసి పంచాయతీ గోడకు అతికించే బాధ్యత యువజన విభాగానిది. 21 రోజుల్లో అది మొదటి రోజే జరగాలి.

ఆ సభ్యుడితో కలిసి సర్వే ఆఫీసుకు వెళ్లి గ్రామ నక్ష నకలు తీసుకున్నాం. బండ్ల బాట గీత స్పష్టంగా ఉంది, గేటు ఉన్నచోటి నుంచే పోతోంది. తహసీల్దార్‌కు దరఖాస్తు ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. క్షేత్ర పరిశీలనకు తేదీ ఇస్తామన్నారు. ఆయన వరి ఇంకో నెలన్నరలో కోతకొస్తుంది.